మంచు లోతుల్లో యాంటెన్నాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గ్రీన్‌లాండ్ మంచులో యాంటెన్నాలు దించి న్యూట్రినోల (దాదాపు దేన్నీ తాకకుండా దూసుకుపోయే అతి చిన్న కణాల) కోసం కాపు కాసే ప్రయోగం గురించి గత సంచికలో రెండు పేజీలు రాశాం. వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి, జవాబు చెప్పగలిగినవి ఇక్కడ ఇస్తున్నాం.

న్యూట్రినోకు విద్యుదావేశమే లేదు. మరి రేడియో తరంగం ఎలా పుడుతుంది?
— ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని, హనుమకొండ

న్యూట్రినో దానంతటది ఏమీ పుట్టించదు. అది మంచులో ఏదో ఒక కేంద్రకాన్ని ఢీకొన్నప్పుడు ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్లు), గామా కిరణాలు కోట్ల కొద్దీ పుట్టి, జల్లులా ముందుకు దూసుకుపోతాయి. పుట్టేటప్పుడు ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు జంటలుగానే పుడతాయి. అవి చివరిదాకా సమానంగా ఉంటే ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి చెరిపేసేది, మనకు ఏమీ మిగిలేది కాదు. కానీ దారిలో పాజిట్రాన్లు కొన్ని ఎలక్ట్రాన్లతో కలిసి నశిస్తాయి. మంచు అణువుల్లోని ఎలక్ట్రాన్లు కొన్ని దెబ్బకు ఊడి ఈ గుంపులో చేరతాయి. దాంతో గుంపులో సుమారు 20 శాతం రుణావేశం ఎక్కువవుతుంది. ఈ సంగతిని సోవియట్ శాస్త్రవేత్త గుర్గెన్ అస్కర్యాన్ 1962లోనే లెక్కగట్టి చెప్పాడు.

ఆ గుంపు అడ్డం పది సెంటీమీటర్ల లెక్కన ఉంటుంది. మంచులో కాంతి వేగం కంటే వేగంగా పోతుంది కాబట్టి చెరెంకోవ్ తరంగాన్ని విడుస్తుంది. తరంగదైర్ఘ్యం గుంపు కంటే పెద్దదైతే ఎలక్ట్రాన్లన్నిటి క్షేత్రాలూ ఒకే తాళంలో కలుస్తాయి. అలాంటప్పుడు అదనపు ఎలక్ట్రాన్లు రెట్టింపైతే సిగ్నల్ వోల్టేజి రెట్టింపు, శక్తి నాలుగింతలు. కంటికి కనిపించే కాంతికి ఈ లాభం లేదు. దాని తరంగదైర్ఘ్యం గుంపుతో పోలిస్తే మరీ చిన్నది. అందుకే 10¹⁵ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దక్షిణ ధ్రువం మంచులో కాంతిని చూసే ఐస్‌క్యూబ్ ప్రయోగానిదే పైచేయి, 10¹⁷ దాటాక రేడియోది.

ఇది కాగితం మీది లెక్కగానే ఆగిపోలేదు. అమెరికాలోని స్లాక్ యాక్సిలరేటర్‌లో 2000లో మూడున్నర టన్నుల ఇసుకలోకి గామా కిరణాలు పంపి ఈ క్షణికమైన రేడియో తరంగాన్ని (పల్స్‌ను) పట్టుకున్నారు. 2006లో అక్కడే ఏడున్నర టన్నుల మంచుతో మళ్లీ చూశారు. పల్స్ ఒక నానోసెకను అటూ ఇటూగా ఉంటుంది. మంచు వక్రీభవన గుణకం (తరంగం శూన్యంలో కంటే ఎన్నింతలు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 1.78 కాబట్టి, అది జల్లు వెళ్లే దారికి 56 డిగ్రీల కోణంలో శంకువులా వ్యాపిస్తుంది. యాంటెన్నా ఆ శంకువుకు కొన్ని డిగ్రీలు పక్కన పడినా ముందు పై ఫ్రీక్వెన్సీలు మాయమవుతాయి.

మధ్యధరా సముద్రంలో నీళ్లలోనే న్యూట్రినోను పట్టారని చదివాం. మన పాఖాల చెరువు లాంటి లోతైన నీళ్లలో రేడియో యాంటెన్నాలు ఎందుకు దించరు?
— ప్రభుత్వ పాఠశాల సైన్స్ ఉపాధ్యాయుడు, నర్సంపేట

మీరు చదివింది కేఎం3నెట్ అనే ప్రయోగం గురించి. 2023 ఫిబ్రవరి 13న సిసిలీ దగ్గర సముద్రపు అడుగున అది పట్టిన న్యూట్రినో శక్తి సుమారు 220 పెటా ఎలక్ట్రాన్ వోల్టులని అంచనా. కానీ అక్కడ పట్టింది కాంతిని. శుభ్రమైన నీరు కాంతిని పోనిస్తుంది, రేడియోను మింగేస్తుంది. నీటి అణువుకు ఒక కొస ధనం, ఇంకో కొస రుణం. ద్రవంగా ఉన్నప్పుడు అది రేడియో క్షేత్రంతో పాటు అటూ ఇటూ తిరగబోయి, పక్క అణువులతో రాసుకుని, ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదే ఇలా. గడ్డకట్టాక అణువులు బిగుసుకుపోతాయి, కొన్ని వందల మెగాహెర్ట్జ్‌ల తాళానికి తిరగలేవు. దక్షిణ ధ్రువం దగ్గరి చల్లటి మంచులో రేడియో సిగ్నల్ కిలోమీటరు పైచిలుకు పోయాక గానీ మూడో వంతుకు పడదు. చెరువు నీటిలో, పైగా లవణాలు కరిగిన నీటిలో, ఆ బలహీనమైన పల్స్ కొద్ది మీటర్లు కూడా దాటదు.

మంచైతే చాలదు, చల్లటి మంచు కావాలి. సున్నాకు దగ్గరగా ఉండే మంచులో నష్టం బాగా పెరుగుతుంది. ‘హిమాలయాల్లో పెట్టరాదా’ అని రాసిన ఇద్దరికి జవాబు కూడా ఇదే. అక్కడి హిమానీనదాల్లో నీటి పొరలుంటాయి, రాళ్లుంటాయి, మందం చాలదు.

నేను సింగరేణిల పనిజేసి రిటైరైన. మా బాయిలు వందల మీటర్ల లోతున్నయి. గా మంచు దాకా పోవుడెందుకు, గీడ పెట్టరాదా?
— గోదావరిఖని

న్యూట్రినోల కోసం గనిలోకి దిగడం మన దేశానికి కొత్త కాదు. కోలార్ బంగారు గనుల్లో 1965లోనే వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. అయితే అక్కడ పెట్టింది గది పట్టేంత పరికరం. కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే సిగ్నల్ దానికి అక్కర్లేదు.

రేడియో పద్ధతికి కావలసింది చుట్టూ ఘన కిలోమీటర్ల కొద్దీ రేడియోను పోనిచ్చే పదార్థం. 10¹⁸ ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రినో ఒక కిలోమీటరు మంచు దాటేలోగా దేన్నైనా ఢీకొనే అవకాశం సుమారు రెండు వేలల్లో ఒక వంతు. కాబట్టి ఎంత ఎక్కువ మంచును కాపలా కాస్తే అంత మేలు. గోదావరి లోయలో బొగ్గు పొరల నడుమ ఉన్నది ఊటనీరు పట్టిన ఇసుకరాయి. బాయిలో మలుపు తిరిగితే వాకీటాకీ మూగబోతుందని మీకు మేం చెప్పాలా! ఆ మూగబోవడమే ఇక్కడా అడ్డం. రాళ్లలో ఉప్పురాయి ఒక్కటే ఈ పనికి పనికొస్తుందని ఒకప్పుడు చూశారు, కానీ దాన్ని తొలిచే ఖర్చు మంచు కంటే చాలా ఎక్కువ.

యాంటెన్నాలు మంచు మీదే పరిస్తే పోయేదానికి 100 మీటర్లు తవ్వడం ఎందుకు?
— రైతు, కోరుట్ల

బోరు ఖర్చు తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న ఇది. అడుగున గట్టి మంచు గుణకం 1.78. పైన ఉన్నది ఇంకా గట్టిపడని మంచు, గాలి బుడగలతో గుల్లగా ఉంటుంది. ఉపరితలం దగ్గర గుణకం 1.27 దగ్గరే. అడుగు నుంచి ఏటవాలుగా పైకి వచ్చే తరంగం ఈ గుల్ల పొరలో క్రమంగా వంగి, పైకి చేరకముందే కిందికి తిరిగిపోతుంది. స్నెల్ సూత్రం (వక్రీభవన సూత్రం) పెట్టి లెక్క చూడండి: నిట్టనిలువు గీతకు సుమారు 45 డిగ్రీల లోపు వచ్చినవే పైన ఉన్న యాంటెన్నాకు అందుతాయి. గ్రీన్‌లాండ్‌లో 100 మీటర్ల లోతున గుణకం 1.74 దాటుతుంది, అక్కడ పెడితే దాదాపు 79 డిగ్రీల దాకా అందుతాయి. ఇంత శక్తి ఉన్న న్యూట్రినోలు భూమిని చీల్చుకుని కింది నుంచి రాలేవు. అవి వచ్చేది దిగంతం పక్క నుంచి, ఇంకాస్త పైనుంచి. వాటి పల్స్ ఎక్కువగా ఈ పక్క కోణాల్లోనే వస్తుంది కాబట్టి, పైన మాత్రమే పరిస్తే పంటలో పెద్ద భాగం పోయినట్టే.

దక్షిణ ధ్రువంలో ఈ గుల్ల పొర ఇంకా మందం. అక్కడ చలి ఎక్కువ, ఏటా పడే మంచు తక్కువ, గట్టిపడటానికి చాలాకాలం పడుతుంది. అందుకే అక్కడి ఆరా ప్రయోగంలో 200 మీటర్ల దాకా దించారు.

ఒక స్టేషన్‌లో ఏమేం ఉంటాయి? ఏవి చెడిపోతాయి?
— ఎలక్ట్రానిక్స్ మెకానిక్, కరీంనగర్

గ్రీన్‌లాండ్‌లోని సమ్మిట్ దగ్గర 2021 నుంచి కడుతున్న ఆర్‌ఎన్‌వో-జీ అనే రేడియో న్యూట్రినో ప్రయోగాన్నే తీసుకుందాం. మొత్తం 35 స్టేషన్లు అనుకున్నారు, ఒకదానికొకటి సుమారు కిలోమీటరుంపావు దూరం. స్టేషన్‌కు 24 యాంటెన్నాలు. 100 మీటర్ల బోర్లు మూడు, అడ్డం 28 సెంటీమీటర్ల పైచిలుకు. బోరులో నీళ్లు, ఆయిల్ లాంటివేమీ పోయరు, పొడిగా ఉంచుతారు. ముఖ్యమైన బోరు అడుగున నిలువు ధ్రువణం (తరంగపు విద్యుత్ క్షేత్రం ఊగే దిశ) పట్టే లావుపాటి డైపోల్స్ నాలుగు, మీటరు ఎడంతో. వాటిపైన అడ్డ ధ్రువణం పట్టేవి ఉంటాయి. బోరు సన్నం కాబట్టి అడ్డంగా డైపోల్ పట్టదు, అందుకని గొట్టానికి నిలువుగా చీలికలు పెట్టిన స్లాట్ యాంటెన్నాలు వాడతారు. మిగతా రెండు బోర్లలో మరికొన్ని యాంటెన్నాలు, వాటితోపాటు తెలిసిన పల్స్ విడిచే చిన్న ట్రాన్స్‌మిటర్లు. పైన మంచులో కప్పెట్టిన లాగ్ పీరియాడిక్ యాంటెన్నాలు తొమ్మిది. ఇవి పాత టీవీ ఏరియల్ కుటుంబానివే.

ఇక అంకెలు. 50 ఓముల లైన్‌లో 500 మెగాహెర్ట్జ్ వెడల్పుకు 300 కెల్విన్‌ల ఉష్ణ శబ్దం సుమారు 10 మైక్రోవోల్టులు. న్యూట్రినో పల్స్ చాలాసార్లు దీనికి రెండు మూడింతలే. యాంటెన్నా పక్కనే తక్కువ శబ్దం చేసే యాంప్లిఫయర్ పెట్టి, అక్కడే సిగ్నల్‌ను కాంతిగా మార్చి ఫైబర్‌లో పైకి పంపుతారు. 100 మీటర్ల రాగి కోయాక్సియల్ వేస్తే పై ఫ్రీక్వెన్సీలు దారిలోనే తగ్గిపోతాయి, బరువు వేరే. పైన సెకనుకు 320 కోట్ల దాకా నమూనాలు తీయగల చిప్ 2048 నమూనాలు దాస్తుంది. అంటే ఆ వేగంలో 640 నానోసెకన్ల ముక్క. నాలుగు యాంటెన్నాల సిగ్నళ్లను తగినంత ఆలస్యంతో కూడితే పల్స్ నాలుగింతలవుతుంది, శబ్దం రెండింతలే. అక్కడే సగం గెలుపు.

చెడిపోయేవాటి సంగతికొస్తే, పెద్ద శత్రువు ఇంట్లోనే ఉంటాడు. సోలార్ ఛార్జ్ కంట్రోలర్, డీసీ కన్వర్టర్ స్విచ్ అయ్యేటప్పుడు విడిచే గోల సరిగ్గా ఇదే బ్యాండులో పడుతుంది. మూత బిగుసుకున్న లోహపు పెట్టె, ప్రతి తీగకూ ఫిల్టరు లేకపోతే స్టేషన్ తన గోల తానే వింటుంది. సీసపు బ్యాటరీ చలికి సామర్థ్యం పోగొట్టుకుంటుంది. సమ్మిట్‌లో నవంబరు నుంచి జనవరి దాకా సూర్యుడే ఉదయించడు కాబట్టి నడి చలికాలంలో స్టేషన్లు ఆగిపోతాయి. గాలి మరలు పెట్టే పని సాగుతోంది, కానీ మరకూ మోటారు గోల ఉంటుంది. ఏటా పడే మంచుకు పెట్టెలు లోతుకు పోతాయి, సోలార్ పలకల స్తంభాలు ఎత్తు పెంచుతూ పోవాలి.

మెకానిక్‌లకు నచ్చే తప్పు ఒకటుంది: యాంటెన్నా ఎక్కడుందో కచ్చితంగా తెలియకపోవడం. తాడు సాగుతుంది, బోరు కాస్త వంకర పోతుంది. మంచులో తరంగం నానోసెకనుకు 17 సెంటీమీటర్లు పోతుంది. యాంటెన్నా 10 సెంటీమీటర్లు పక్కకుంటే 0.6 నానోసెకను తేడా, అంటే దాదాపు రెండు నమూనాలు. దాంతో దిశ తప్పు వస్తుంది. అందుకే పక్క బోర్లలోని ట్రాన్స్‌మిటర్లతో పల్స్ పంపి, వచ్చిన కాలాలను బట్టి స్థానాలు మళ్లీ లెక్కగడతారు.

వచ్చింది న్యూట్రినో సిగ్నలే అని ఎలా నమ్ముతారు?
— పదవీ విరమణ చేసిన టెలికాం ఇంజనీరు, మంచిర్యాల

అసలు కష్టమంతా ఇక్కడే. సిగ్నల్ వినడం ఇప్పుడు పెద్ద పని కాదు, స్టేషన్ సెకనుకు ఒకటి చొప్పున ఏదో ఒకటి రికార్డు చేస్తూనే ఉంటుంది. అందులో దాదాపు అంతా ఉష్ణ శబ్దం. మిగిలిన కాస్తలో విమానాలు, 403 మెగాహెర్ట్జ్ దగ్గర వాతావరణ బెలూన్లు, మనుషులు నడిపే యంత్రాలు, సూర్యుడి విస్ఫోటాలు. వీటిలో చాలావాటికి ఒకే ఫ్రీక్వెన్సీ ఉంటుంది, లేదా గుంపుగా వస్తాయి, కాబట్టి ఏరేయవచ్చు.

మోసం చేసేది గాలి. గాలి వేగం సెకనుకు 10 మీటర్ల చిల్లర దాటితే మంచు రేణువులు ఒకదానికొకటి రాసుకుని, పెట్టెలకు, తీగలకు రాసుకుని, స్థిర విద్యుత్తు పోగై చిటపటమంటుంది. ఆ చిటపట ఒక్కొక్కటీ నానోసెకన్ల పల్సే, చూడటానికి న్యూట్రినో సిగ్నల్ లాగే ఉంటుంది. అనిమోమీటర్ (గాలి వేగం కొలిచే పరికరం) లెక్క పక్కన పెట్టుకోకుండా డేటా చూడటం దండగ.

వడపోత ఇలా సాగుతుంది. పల్స్ కింది నుంచి రావాలి. ఉపరితలం దిశగా చూపితే కొట్టేయడమే. చాలా పల్సులు రెండు దారుల్లో వస్తాయి, నేరుగా ఒకటి, గుల్ల పొరలో వంగి లేదా ఉపరితలానికి తగిలి ఇంకొకటి. ఆ రెండింటి మధ్య కాలాన్ని బట్టి ఎంత దూరంలో పుట్టిందో తేలుతుంది. ధ్రువణం అస్కర్యాన్ చెప్పినట్టు శంకువు అక్షం వైపు చూపాలి. అదే దిశ నుంచి అంతకుముందు, ఆ తరువాత ఇలాంటివి వచ్చి ఉండకూడదు. పైన పరిచిన యాంటెన్నాలకు అదే క్షణంలో ఆకాశం నుంచి పల్స్ తగిలి ఉంటే అది కాస్మిక్ కిరణం (అంతరిక్షం నుంచి వచ్చే ఆవేశ కణం). ఆ పై యాంటెన్నాల ముఖ్యమైన ఉద్యోగం ఇలా కాదనడమే.

ఇప్పటిదాకా రేడియోతో ఎన్ని దొరికాయి?
— చాలామంది

న్యూట్రినో అని గట్టిగా చెప్పగలిగింది ఒక్కటీ లేదు. 2006 నుంచి 2016 దాకా నాలుగుసార్లు రేడియో యాంటెన్నాలు మోసిన అనిటా బెలూన్ అంటార్కిటికా మీద సుమారు 37 కిలోమీటర్ల ఎత్తున తిరిగింది, అయినా లేదు. కానీ ఆరా వాళ్లు ఒక స్టేషన్‌లో 208 రోజుల డేటాలో మంచు లోపలి నుంచి వచ్చిన 13 పల్సులు తేల్చారు. అవి కాస్మిక్ కిరణాల జల్లుల మొన మంచులోకి దిగి చేసిన అస్కర్యాన్ సిగ్నళ్లని 2025లో చూపించారు. సహజమైన మంచులో ఈ పల్స్ కనిపించడం అదే మొదలు. మా దృష్టిలో ఇది న్యూట్రినో దొరకడమంత ముఖ్యం: పరికరం పనిచేస్తుందని ప్రకృతే చూపింది. ఇక దొరకలేదంటే రాలేదని లెక్క, వినపడలేదని కాదు.

మేం నలుగురం ఈసీఈ మూడో సంవత్సరం. మంచు లేని వరంగల్‌లో, పది వేల లోపు ఖర్చుతో దీనికి దగ్గరగా ఏ ప్రాజెక్టు చేయవచ్చు?
— కాజీపేట

ఇసుకతో చేయండి. స్లాక్‌లో మొదట వాడింది ఇసుకే. మీరు కణాలను పంపలేరు గానీ, పదార్థంలో రేడియో వేగం, నష్టం కొలవగలరు. ధ్రువాల దగ్గరా మొదట చేసే పని అదే. ముందే ఒక మాట: ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చౌక రేడియో రిసీవర్) కొని పల్సులు పడదామనుకోకండి. దాని వెడల్పు 2.4 మెగాహెర్ట్జ్, నానోసెకను పల్స్ అందులో 400 నానోసెకన్లకు సాగిపోతుంది. నానోవీఎన్‌ఏ (యాంటెన్నాలను పరీక్షించే చిన్న మీటర్) కొనండి.

గోదావరి ఇసుకైనా, మానేరు ఇసుకైనా సరే, ఒకటిన్నర ఘనపు మీటర్లు, రెండున్నర టన్నుల లోపు. ఇల్లు కట్టేవాళ్లను అడిగితే కుప్ప అరువిస్తారు. పైకి పొడిగా కనిపించే కుప్ప లోపల తడిగానే ఉంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో టార్పాలిన్ మీద నాలుగు అంగుళాల మందాన పరచి, రోజుకు రెండుసార్లు తిరగేసి, కిలో ఇసుకను పెనం మీద వేయించి తూచండి. బరువు తగ్గడం ఆగినట్టుంటేనే మొదలుపెట్టండి. కుప్ప మట్టి నేల మీద పోయాలి. స్లాబు మీద పోస్తే లోపలి ఇనుప చువ్వలు సిగ్నల్‌ను తిప్పికొడతాయి.

యాంటెన్నాలు రెండు, ఒకేలాంటివి. అర అంగుళం అల్యూమినియం గొట్టం, ఒక్కో చేయి 23 సెంటీమీటర్లు. గాలిలో ఇది 300 మెగాహెర్ట్జ్‌కు దగ్గరగా పలుకుతుంది, ఇసుకలో పాతాక 190 దాకా దిగుతుంది. ఎస్11 (యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చే సిగ్నల్) గ్రాఫులో పల్లం జరగడం చూసి యాంటెన్నా పాడైందని కంగారుపడకండి, అది జరగాల్సిందే. కోయాక్సియల్ కేబుల్ యాంటెన్నాకు కలిసే చోట క్లిప్ ఫెరైట్లు ఐదారు వరసగా బిగించండి. లేకపోతే కేబులే యాంటెన్నా అయిపోతుంది. పరీక్ష సులువు: కేబుల్‌ను చేత్తో పట్టుకోండి, గ్రాఫు కదిలితే ఫెరైట్లు చాల్లేదు.

ఓపెన్, షార్ట్, లోడ్, త్రూ క్యాలిబ్రేషన్ నాలుగూ కేబుళ్ల చివరనే చేయాలి, మీటర్ దగ్గర కాదు. తరువాత యాంటెన్నాలను సమాంతరంగా, అర మీటరు లోతున పాతి, ఎడం 40 సెంటీమీటర్ల నుంచి 90 దాకా పది సెంటీమీటర్ల చొప్పున పెంచుతూ 200 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్21 (ఒక యాంటెన్నా నుంచి రెండోదానికి చేరే సిగ్నల్) ఫేజ్ రాసుకోండి. ప్రతి పది సెంటీమీటర్లకు గాలిలో 24 డిగ్రీలు మారుతుంది. పొడి ఇసుకలో 38 దగ్గర రావాలి. 38ని 24తో భాగిస్తే 1.6, అదే ఇసుక గుణకం. దగ్గరి ఎడాల్లో గీత వంకర వస్తుంది, యాంటెన్నాలు మరీ చేరువలో ఉంటే ఫేజ్ దూరంతో సరిగ్గా నడవదు. ఆ చుక్కలు వదిలేసి మిగతావాటి వాలు తీసుకోండి. ప్రతిసారీ ఇసుకను ఒకేలా అదమండి, వదులుగా ఉంటే గుణకం తగ్గుతుంది.

ఆఖర్న ఇసుక ఘనపరిమాణంలో పదో వంతు, అంటే 150 లీటర్ల నీళ్లు, కుప్పను తిరగేస్తూ పోసి మళ్లీ కొలవండి. ఈసారి పది సెంటీమీటర్లకు 55 డిగ్రీల దాకా వస్తుంది, సిగ్నల్ బలమూ పడిపోతుంది. బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు వేరువేరుగా పోసి చూస్తే లవణాల వల్ల ఎంత నష్టమో కూడా తేలుతుంది. కానీ దానికి రెండో కుప్ప కావాలి, ఒకసారి బోరు నీళ్లు పట్టిన ఇసుక ఎండబెట్టినా దాని ఉప్పు అందులోనే ఉండిపోతుంది.